తుఫాను వస్తే మా బోర్డింగ్ సంగతి ముందే చెబుతున్నాం

విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక వైపు నుంచి మా పెట్ షాపుకి వచ్చే వాళ్లందరికీ నమస్కారం. తుఫాన్ల కాలం దగ్గర పడింది. "వానలు ఎక్కువైతే మా వాడిని మీ దగ్గర వదిలేసి ఊరెళ్తాం, చోటు ఉంచండి" అని ఇప్పటికే ఫోన్లు వస్తున్నాయి. మా మీద అంత నమ్మకం పెట్టుకున్నందుకు సంతోషం. అయినా ఉన్నమాట చెప్పాలి. ఈ ఏడాది నుంచి తుఫాను గానీ వరద గానీ వస్తుందని హెచ్చరిక వస్తే, ఆ క్షణం నుంచి కొత్తగా ఒక్క కుక్కని, ఒక్క పిల్లిని కూడా బోర్డింగ్‌కి తీసుకోం. అడ్వాన్స్ కట్టి ఉంటే మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి మన ఇళ్లలోకి ఎలా వచ్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు. మా షాపులోనూ కింది గది మునిగింది. ఆ రోజు మా దగ్గర ఉన్నవి తక్కువ కాబట్టి అన్నిటినీ మేడ మీదికి చేర్చగలిగాం. లాబ్రడార్ అంటే ముప్పై కిలోల దాకా ఉంటుంది. భయపడిన కుక్క మెట్లెక్కదు, నాలుగు కాళ్లూ నేలకి అదిమిపెట్టి కూర్చుంటుంది. చీకట్లో, జారుతున్న మెట్ల మీద ఇద్దరు పట్టుకుని మోయాలి. అన్ని గదులూ నిండి ఉంటే ఆ పని మా వల్ల అయ్యేది కాదు. అందుకే ఈ నిర్ణయం.

హెచ్చరిక వచ్చేసరికే మా దగ్గర ఉన్నవాటి బాధ్యత మాదే. ముందు మీకు ఫోన్ చేస్తాం. మీరు రాలేకపోతే వాటిని మొదటి అంతస్తుకి మారుస్తాం, రాత్రి ఒక మనిషి అక్కడే పడుకుంటాడు. దానికి అదనంగా ఏమీ తీసుకోం.

మిగతా వాళ్లు మీ జీవాన్ని మీతోనే తీసుకెళ్లండి. ఎక్కడికి అన్నది ఇప్పుడే తేల్చుకోండి. ఎత్తులో ఉన్న చుట్టాల ఇల్లో, స్నేహితుల ఫ్లాటో చూసుకుని, "మాతో కుక్క కూడా వస్తుంది, పర్లేదా?" అని మొహమాటం లేకుండా అడగండి. పునరావాస కేంద్రంలో కుక్కకి కూడా చోటిస్తారని అనుకోవద్దు. తుఫానుకైతే వాతావరణ శాఖ 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్ ఇస్తుంది. బుడమేరు మనకి ఆ మాత్రం వ్యవధి కూడా ఇవ్వలేదు. కాబట్టి ఒక సంచి ఎప్పుడూ సర్ది ఉండాలి: వారానికి సరిపడా మేత, తాగునీళ్లు, రోజూ వేసే మందులు, వ్యాక్సిన్ పుస్తకం, మీరు దాన్ని పట్టుకుని దిగిన ఫోటో. తప్పిపోతే ఆ కుక్క మీదేనని చూపించడానికి ఆ ఫోటోనే పనికొస్తుంది. మెడ బెల్టు లోపలి వైపు చెరగని మార్కర్‌తో మీ నంబర్ రాయండి.

పిల్లులున్న వాళ్లకి ఇంకో మాట. క్యారియర్‌ని అటక మీద పెట్టి, గాలివాన రోజున దించితే పిల్లి మంచం కిందకి దూరుతుంది, ఇక దొరకదు. ఇప్పటి నుంచే దాన్ని హాల్లో తలుపు తీసి ఉంచండి, లోపల పాత తువ్వాలు పరిచి తిండి అందులోనే పెట్టండి. కొద్ది రోజులకి తనే వెళ్లి పడుకుంటుంది. క్యారియర్ మా దగ్గరే కొనాలని లేదు. రెండు ప్లాస్టిక్ కూరగాయల ట్రేలు ఒకదాని మీద ఒకటి బోర్లించి కేబుల్ టైలతో బిగించినా పని జరుగుతుంది.

ఎంత అవసరం వచ్చినా కుక్కని గొలుసుతో కట్టేసి మాత్రం వెళ్లకండి. నీళ్లు పెరిగితే దానికి తప్పించుకునే దారే ఉండదు. తీసుకెళ్లడం అసలు కుదరకపోతే గొలుసు విప్పి, పై అంతస్తులో నీళ్ల బకెట్, మేత పెట్టి, లోపల కుక్క ఉందని తలుపు మీద పెద్దగా రాసి వెళ్లండి.

వ్యాక్సిన్ విషయంలో ఇప్పటి నుంచి గట్టిగా ఉంటాం. వరద నీళ్లలో ఎలుకల మూత్రం కలుస్తుంది, దాని వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. కుక్కకి కాలేయం, కిడ్నీలు దెబ్బతింటాయి, దాని నుంచి మనుషులకీ సోకుతుంది. మీ పుస్తకం తెరిచి ఈ జబ్బుకి లెప్టో టీకా వేయించినట్టు ఉందో లేదో చూడండి. కొన్ని కాంబినేషన్ ఇంజెక్షన్లలో అది ఉండదు. మొదటిసారి వేయిస్తే కొన్ని వారాల తేడాతో రెండు డోసులు కావాలి, తర్వాత ఏటా ఒకటి. తుఫాను పేరు టీవీలో విన్నాక పరుగెత్తితే లాభం లేదు. రేబిస్, లెప్టో టీకాలు రెండూ వేయించి ఉంటేనే కుక్కని మామూలు రోజుల్లో కూడా బోర్డింగ్‌కి తీసుకుంటాం.

కుక్కకో పిల్లికో ఒంట్లో బాగాలేదనిపిస్తే ఇంట్లో ఉన్న మాత్ర వేయకండి. ఒక్క పారాసెటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది. డాక్టర్ దొరక్కపోతే 1962కి ఫోన్ చేయండి, పశువుల అంబులెన్స్ నంబర్ అది.

చేపల తొట్టె ఉన్నవాళ్లు హెచ్చరిక రాగానే మేత ఆపేయండి. పెద్ద చేపలు కొన్ని రోజులు తినకపోయినా తట్టుకుంటాయి, మిగిలిపోయిన మేత కుళ్లితే మాత్రం నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఉంటే మంచిది. లేకపోతే మగ్గుతో నీళ్లు తీసి కాస్త పైనుంచి పోస్తూ ఉండండి. కరెంటు చాలాసేపు పోయి వచ్చాక ఫిల్టర్‌ని శుభ్రం చేయకుండా ఆన్ చేయొద్దు, లోపల కుళ్లినదంతా తొట్టెలోకి వస్తుంది.

ఈ నెలాఖరు దాకా క్యారియర్లు, మెడ బెల్టులు మాకు పడిన ధరకే ఇస్తున్నాం. షాపుకి వచ్చేటప్పుడు వ్యాక్సిన్ పుస్తకం తెచ్చి చూపించండి, మీ ఫోన్ కలవకపోతే మేము చేయడానికి ఊళ్లోనే ఉండే ఇంకొకరి నంబర్ రాయించండి.