వెబ్‌సైట్ ఎవరి పేరున ఉంటుందో ముందే తేల్చుకోవాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. విశాఖ ఓడరేవుకు వచ్చే ఓడలకు బియ్యం, కూరగాయలు, తాళ్లు, రంగులు మొదలైన సరుకులు అందించే చిన్న వ్యాపారం మాది. పాతపోస్టాఫీసు ప్రాంతంలో మా నాన్నగారు మొదలుపెట్టిన ఆ దుకాణాన్ని ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. నాకు తెలిసిన వ్యాపారులు చాలామంది ఈ మధ్య సొంత వెబ్‌సైట్ పెట్టించుకునే ఆలోచనలో ఉన్నారు. ఆ పనిని ఏ సంస్థకు అప్పగించాలన్న విషయంలో నేను చేసిన పొరపాటు మరొకరు చేయకూడదన్న ఆరాటంతో ఈ లేఖ రాస్తున్నాను.

నాలుగేళ్ల కిందట మూడు సంస్థల నుంచి కొటేషన్లు తెప్పించుకొని, అందరికంటే తక్కువ చెప్పినవారికి పని ఇచ్చాను. డొమైన్ (ఇంటర్నెట్‌లో మన సైటుకు ఉండే పేరు), హోస్టింగ్ (సైటును ఉంచే చోటు), ఈమెయిల్, డిజైన్ అన్నీ ఒకే ప్యాకేజీలో ఉన్నాయని, నేనేమీ పట్టించుకోనక్కర్లేదని వారు చెప్పిన మాట ఆనాడు నాకు పెద్ద ఊరటగా తోచింది. గత ఏడాది ఒక సోమవారం ఉదయం నుంచి మాకు ఈమెయిళ్లు రావడం ఆగిపోయింది. ఓడ రేవుకు చేరడానికి రెండు మూడు రోజుల ముందు కావలసిన సరుకుల జాబితా మాకు ఈమెయిల్‌లోనే వస్తుంది. అదే రోజు ధరలు పంపకపోతే ఆ ఆర్డరు వేరొకరికి వెళ్లిపోతుంది. విచారిస్తే డొమైన్ రెన్యువల్ కాలేదని తేలింది. ఆ పేరు మా సంస్థ పేరున కాక, పని చేసిపెట్టిన సంస్థలో అంతకుముందే ఉద్యోగం మానేసిన ఒక యువకుడి ఈమెయిల్ మీద నమోదై ఉండటంతో, గడువు హెచ్చరికలన్నీ ఆ చిరునామాకే వెళ్లాయి. సంస్థవారు అప్పటికే ఆఫీసు ఖాళీ చేశారు, ఫోను పలకలేదు. ఆ యువకుడి ఆచూకీ తెలుసుకొని, ఆయన మంచితనంతో లాగిన్ ఇప్పించుకొని, పేరును మా ఖాతాలోకి తెచ్చుకునేసరికి పదకొండు రోజులు పట్టింది. అన్నాళ్లూ వెబ్‌సైట్ లేకపోవడం కంటే ఈమెయిల్ లేకపోవడమే మాకు ఎక్కువ నష్టం చేసింది. ఈ రెండూ ఒకే పేరు మీద నడుస్తాయన్న సంగతి కూడా నాకు అప్పుడే అర్థమైంది.

స్థలం మనదై, డబ్బు మనదై, ఇల్లు కట్టిన మేస్త్రి పేరున దస్తావేజు రాయించుకుంటామా? డొమైన్ విషయంలో మనం చేస్తున్నది సరిగ్గా అదే. ఆ పేరుకయ్యే ఖర్చు మామూలుగా ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూ ఇటూగానే ఉంటుంది. కాబట్టి ఈ పేర్లను నమోదు చేసే సంస్థ, అంటే రిజిస్ట్రార్ వద్ద ఖాతాను వ్యాపారి తానే తెరిచి, తన సొంత ఈమెయిల్, తన ఫోను నంబరు ఇచ్చి, డెవలపర్‌కు పనికి అవసరమైనంత మేరకే అనుమతి ఇవ్వడం మంచిది. ఆ ఈమెయిల్ మాత్రం అదే డొమైన్‌లోనిది కాకూడదు. పేరు ఆగిపోయిన రోజున ఆ పెట్టె కూడా మూతపడుతుంది. గడువు తీరి రిజిస్ట్రార్ రద్దు చేసిన డాట్ కామ్ పేరును తిరిగి విడిపించుకోవడానికి 30 రోజుల వ్యవధి ఉంటుంది కానీ, దానికి మామూలు రుసుముకు మించి అదనంగా కట్టాలి. ఆ వ్యవధి కూడా దాటితే ఆ పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. మా నాన్నగారి పేరు కలిసిన డొమైన్ అది. అపరిచితుల చేతిలో పడి ఉంటే నా బాధ ఎవరితో చెప్పుకునేవాడిని?

రెండో విషయం, సైటు కోసం రాసిన ప్రోగ్రాము (కోడ్) మీద హక్కు ఎవరిదన్నది, ఇంకా తక్కువమందికి తెలుసు. కంప్యూటర్ ప్రోగ్రామును 1957 నాటి కాపీరైట్ చట్టం సాహిత్య రచనల కోవలోనే లెక్కిస్తుంది. మన దగ్గర జీతం మీద పని చేసే ఉద్యోగి తన విధుల్లో భాగంగా రాసినదైతే, వేరే ఒప్పందం లేనంత వరకు దాని హక్కు యజమానిదే అవుతుంది. బయటి సంస్థకు డబ్బిచ్చి రాయించుకున్నంత మాత్రాన ఆ కోడ్ మీద హక్కు మనకు దానంతటదే రాదు. హక్కును బదిలీ చేస్తున్నట్లు వారు సంతకం చేసిన రాతపత్రం ఉండాలని 19వ సెక్షన్ చెబుతోంది. ఆ పత్రంలో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే ఆ బదిలీ పరిమితమైనట్లు భావిస్తారు. ‘పూర్తి చెల్లింపు అందిన వెంటనే సోర్స్ కోడ్, డిజైన్ ఫైళ్లు, వాటి హక్కులు శాశ్వతంగా, అన్ని దేశాలకూ వర్తించేలా కొనుగోలుదారుకు బదిలీ అవుతాయి’ అన్న ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టడానికి వెనుకాడే సంస్థ ఎంత చౌకగా చేస్తామన్నా నేను ఒప్పుకోను. వర్డ్‌ప్రెస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మీద కట్టిన సైటును వేరొక సంస్థకు అప్పగించడం సులువు. కొందరు తమ సొంత సాఫ్ట్‌వేర్ మీదే కట్టి ఇస్తారు. వారిని వదిలితే సైటును మళ్లీ మొదటి నుంచి కట్టుకోవలసిందే. ఇందులో ఏది చేస్తున్నారో అడ్వాన్సు ఇవ్వకముందే అడగాలి.

తెలుగులో సమాచారం పెట్టాలనుకునేవారికి ప్రత్యేకంగా ఒక మాట. మన డీటీపీ కేంద్రాల్లో కరపత్రాల కోసం అను ఫాంట్లతో కొట్టిన తెలుగును యథాతథంగా వెబ్‌సైట్‌లో పెడితే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఆ ఇబ్బంది తప్పించుకోవడానికి కొందరు ఆ పేజీని బొమ్మగా మార్చి అతికిస్తారు. చూడటానికి బాగానే ఉంటుంది గానీ, బొమ్మలోని అక్షరాలను వెదుకులాట యంత్రాలు మామూలు పాఠంలా చదవలేవు కాబట్టి, తెలుగులో టైపు చేసి వెదికేవారికి ఆ దుకాణం దొరకడం కష్టం. ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోనులోనైనా అక్షరాలు సరిగా కనిపించే యూనికోడ్ పద్ధతిలో రాసి, మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లు వాడమని అడిగితే సరిపోతుంది. ఆ మాట అర్థం కాని సంస్థకు తెలుగు సైటు పని ఇవ్వకపోవడమే మేలు.

ఆ సంస్థ గతంలో చేసిన పనిని ల్యాప్‌టాప్ మీద వారు చూపిస్తుండగా కాకుండా, మన ఫోనులో, మొబైల్ డేటా మీద తెరిచి చూడాలి. గూగుల్‌వారి పేజ్‌స్పీడ్ పరీక్ష ఉచితమే. ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపిస్తే ఆ పేజీ వేగం బాగున్నట్లు లెక్క. వారి పాత ఖాతాదారుల్లో కనీసం రెండేళ్లు దాటినవారితో మాట్లాడటం మరీ ముఖ్యం. కొత్త సైటు ఎవరిదైనా బాగానే ఉంటుంది; చెడిపోయిన రోజున ఎవరు పలికారన్నదే అసలు కొలత. ఇప్పుడు నేను పని అప్పగించిన సంస్థను అలాగే ఎంచుకున్నాను. వారు కూడా ఈ ఊరివారే, నలుగురే ఉంటారు. పెద్ద ఆఫీసు లేకపోయినా, నేను అడగకముందే హోస్టింగ్ ఖాతా నా పేరున తెరిపించారు. ధర చెప్పేటప్పుడు 18 శాతం జీఎస్టీ కలిపి చెబుతున్నారా లేదా, రెండో ఏడాది నుంచి రెన్యువల్‌కు, నిర్వహణకు ఎంత అవుతుంది అన్నవి కూడా కాగితం మీద రాయించుకోవాలి.

బ్యాకప్ గురించి మన నగరంలో ఎవరికీ గట్టిగా చెప్పనక్కర్లేదనుకుంటాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక కరెంటు, ఫోన్లు లేక మనం ఎన్ని అవస్థలు పడ్డామో అందరికీ గుర్తుంది. సైటు నకలు ఒకటి ఈ ఊరికి దూరంగా, మన సొంత ఖాతాలో ఉండాలి. దానిని ఒకసారైనా తిరిగి పెట్టించి, పని చేస్తున్నదో లేదో చూసుకోవాలి.

మీ పత్రిక వాణిజ్య పేజీకి, జిల్లా పరిశ్రమల కేంద్రానికి, నగరంలోని వర్తక సంఘాలకు నా విన్నపం ఒక్కటే. వెబ్‌సైట్ పనికి సంబంధించిన రెండు పేజీల నమూనా ఒప్పందాన్ని సులభమైన తెలుగులో తయారు చేయించి, అందరికీ అందుబాటులో ఉంచండి. ఈసారి నేను న్యాయవాదితో రాయించుకున్న ఒప్పందాన్ని, పేర్లు తీసేసి, మీ కార్యాలయానికి తెచ్చి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఓడల సరుకుల వ్యాపారి,
వన్‌టౌన్, విశాఖపట్నం.