వేయిస్తే పోయే బూజు కాదండీ, మంత్రి గారూ

ఒడిశా మహిళా, శిశు అభివృద్ధి శాఖ మంత్రి గారికి,

గజపతి జిల్లా కాశీనగర్ దగ్గరి ఒక స్వయం సహాయక సంఘం సభ్యురాలు నమస్కరించి రాస్తున్నది.

మా సంఘం లెక్కల పుస్తకం ఒడియాలో ఉంటుంది, మా కబుర్లూ పోట్లాటలూ తెలుగులో ఉంటాయి. ఈ ఉత్తరం ఒడియాలోనూ రాయించి మీ ఆఫీసుకి పోస్టు చేశాను. ఇక్కడ తెలుగులో పెట్టడం ఎందుకంటే మా చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు, సరిహద్దు అవతల ఉన్న మా చుట్టాలు చదువుతారని.

మేం చేసేది ఛతువా. తెలుగులో చెప్పాలంటే సత్తుపిండి లాంటిదే. గోధుమలు, శనగలు, వేరుశనగ గుళ్ళు వేయించి, మరపట్టి, పంచదార కలిపి ప్యాకెట్లు కడతాం. ఆరు నెలలు నిండిన పిల్లల నుంచి మూడేళ్ళ పిల్లల దాకా, కడుపుతో ఉన్నవాళ్ళకి, బాలింతలకి అంగన్‌వాడీ ద్వారా వెళ్ళేది అదే.

మొన్న వానల్లో వచ్చిన ఒక వేరుశనగ బస్తా మూతి విప్పగానే ముక్క వాసన గుప్పుమంది. చెయ్యి లోపలికి దూరిస్తే నడిమధ్య వెచ్చగా తగిలింది. తడి ఆరని గింజ బస్తాలో అలాగే వేడెక్కుతుంది. పైన ఉన్నవి చూడముచ్చటగా ఉన్నాయి. అడుగున మాత్రం ముడుచుకుపోయినవి, నల్లబడినవి. ఒకదాన్ని చిదిమితే రెండు బద్దల మధ్య పసుపూ ఆకుపచ్చా కలిసిన పొడి. నలుగురం చేటలు ముందేసుకుని పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఏరితే యాభై కిలోల్లో నాలుగున్నర కిలోలు పక్కకి పోయాయి. వ్యాపారికి ఫోన్ చేస్తే, "వేయిస్తే పోద్దమ్మా, ఇన్నాళ్ళూ తినలేదా ఏంటి?" అన్నాడు. తనిఖీకి వచ్చిన ఉద్యోగి కూడా అదే మాట అనేసరికి నాకు నిద్ర పట్టలేదు.

వేయిస్తే బూజు చస్తుంది, అది కక్కిన విషం చావదు. ఆ విషం పేరు ఆఫ్లాటాక్సిన్. మా మేనకోడలు అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతోంది, తనే విడమరిచి చెప్పింది. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు దీన్ని తయారు చేస్తుంది. కాయ ఊరే సమయంలో వాన మొహం చాటేసినా, పురుగు తొలిచినా చేలోనే పట్టుకుంటుంది. కోశాక సరిగ్గా ఎండకపోతే గోనెలో పెరుగుతుంది. మన మూకుడు వేడికి, ప్రెషర్ కుక్కర్ వేడికి అది పూర్తిగా పోదు. 1960లో ఇంగ్లండులో లక్షకి పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, కారణం వాటికి పెట్టిన, నూనె తీయగా మిగిలిన వేరుశనగ చెక్కలో దొరికింది. ఈ విషాన్ని గుర్తించింది అప్పుడే.

కోళ్ళ సంగతి మనకెందుకు అనుకుంటే మన దేశంలోనే 1974 ఉంది. రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో కోతలప్పుడు వాన పడి మొక్కజొన్న తడిసి, ఈ బూజే పట్టింది. వేరే తిండి లేక అదే తిన్నారు. కామెర్లు, కడుపులో నీరు. వందమందికి పైగా పోయారు. అదే తిన్న ఊరి కుక్కలకీ అదే జబ్బు. మొక్కజొన్న, సరిహద్దు, గిరిజనులు, కోతల వాన... గజపతి జిల్లాలో ఉండేవాళ్ళకి ఇది పరాయి కథలా అనిపించదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా పెరట్లో కంకులు మొలకెత్తాయి. బూజు పట్టినవి పారేయడానికి మనసొప్పక గేదెకి దాణాలో వేశాం. పొదుపు చేశామనే అనుకున్నాం. గేదె తిన్న విషంలో కొంత రూపం మార్చుకుని పాలలోకి వస్తుందని, ఆ పాలే పిల్లలకి కాచి ఇచ్చామని ఇప్పుడు తెలిసింది.

ఒకేసారి ఎక్కువ తింటే ఇలా ప్రాణం మీదికి వస్తుంది. కొంచెం కొంచెం ఏళ్ళ తరబడి తింటే కాలేయ క్యాన్సర్ ముప్పు. హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకి ఆ ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. నన్ను మరీ కుదిపేసింది ఇంకొకటి. ఆఫ్రికాలోని బెనిన్, టోగో దేశాల్లో చంటిపిల్లల్ని పరీక్షిస్తే, ఒంట్లో ఈ విషం ఎక్కువున్న పిల్లలు వయసుకి తగ్గ ఎత్తు లేరని తేలింది. మనం ఛతువా ఇచ్చేది ఎందుకు? పిల్లలు ఎదగడం లేదనే కదా!

మన దేశంలో వేరుశనగ గుళ్ళలో ఈ విషం కిలోకి 15 మైక్రోగ్రాములు దాటకూడదని రూలు ఉంది. మైక్రోగ్రాము అంటే నాకూ అర్థం కాలేదు. మేనకోడలు లెక్క కట్టి చూపించింది: యాభై కిలోల బస్తాలు ఇరవై. ఆ మొత్తంలో ఇంచుమించు ఒక్క బియ్యపు గింజ బరువంత విషం. దాన్ని కంటితో, ముక్కుతో ఏం పట్టుకుంటాం? ఏరడం వృథా అనను. విషం ఎక్కువగా ఆ ముడుచుకున్న, రంగు మారిన గింజల్లోనే ఉంటుంది, అవి తీసేస్తే చాలా మటుకు తగ్గుతుంది. కానీ నున్నగా ఉన్న గింజలోనూ ఉండొచ్చు.

ఇక అసలు సంగతి. ఆ బస్తా తిప్పి పంపేయొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. మాకు బిల్లు డబ్బులు నెలల తరబడి ఆలస్యంగా వస్తాయి, అందుకని సరుకు అరువుకి తెస్తాం. అరువుకి తెచ్చుకున్నదానికి నోరెక్కడిది? ఈ బస్తా వెనక్కి పంపితే వచ్చే నెల బస్తా రాదు, ఛతువా ఆలస్యమైతే సంజాయిషీ మాదే. ఏరి పారేసిన నాలుగున్నర కిలోలు మా లెక్కలో నష్టం, ఏరిన పూట కూలి ఎవరి లెక్కలోనూ లేదు. మళ్ళీ ఏరమంటే మా వాళ్ళలో ఇద్దరు మొహం తిప్పుకున్నారు. వాళ్ళని తప్పుపట్టను.

కాబట్టి ముందు బిల్లులు నెలనెలా ఇప్పించండి. చేతిలో డబ్బుంటే మంచి సరుకు మేమే బేరమాడి తెస్తాం. ఏరగా పోయిన తూకాన్ని తరుగుగా ఒప్పుకోమని చెప్పండి. ప్రతి యూనిట్‌కి తేమ కొలిచే మీటరు ఒకటి కావాలి. గుళ్ళలో తేమ ఏడెనిమిది శాతం దాటితే ఆ బస్తా తీసుకోనక్కర్లేదని మాకు కాగితం మీద రాసివ్వండి. విషం పరీక్షకి కిట్లు కొత్తేమీ కాదు, హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే మెట్ట పంటల పరిశోధన సంస్థ వాళ్ళు తక్కువ ఖర్చులో అయ్యేవి ఎప్పుడో తయారు చేశారు. బ్లాకుకి ఒకచోట పెట్టి, మాలో చదువుకున్న ఒకమ్మాయికి నేర్పించినా చాలు.

ఏరిన నాలుగున్నర కిలోలు సంచిలో మూటగట్టి మా యూనిట్ గది మూల పెట్టాను. గానుగకి ఇస్తానని ఒకాయన రెండుసార్లు అడిగాడు. ఇవ్వలేదు. దాన్ని ఎవరికి అప్పజెప్పాలో, ఏ పద్దులో రాయాలో మీ ఆఫీసు నుంచి ఒక ముక్క రాయించండి.

ఇట్లు,
ఛతువా యూనిట్‌లో పనిచేసే ఒక సభ్యురాలు,
కాశీనగర్ బ్లాకు, గజపతి జిల్లా