కాలిఫోర్నియా నుంచి టెక్సస్‌కి మారినవాళ్లకి

అందరికీ నమస్కారం. ఏడాది మధ్యలో బే ఏరియా వదిలి డాలస్, ఆస్టిన్ వచ్చినవాళ్లు మన గ్రూపులో చాలామందే ఉన్నారు కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, నిజమే. అంతమాత్రాన కాలిఫోర్నియా లెక్క తెగిపోదు. మారిన ఏడాదికి పార్ట్-ఇయర్ రెసిడెంట్‌గా (అంటే ఏడాదిలో కొంతకాలమే అక్కడ ఉన్నవాళ్లుగా) ఆ రాష్ట్రానికి 540ఎన్ఆర్ అనే పన్ను రిటర్న్ ఫారం వేయాలి.

అసలు చిక్కంతా ఆర్ఎస్‌యూలతోనే, అంటే కంపెనీ జీతంలో భాగంగా ఇస్తానని ముందే రాసిచ్చి (గ్రాంట్), కొన్నాళ్లు పనిచేశాక మన చేతికిచ్చే (వెస్ట్ అయ్యే) షేర్లు. మనం ఇక్కడికి వచ్చాక షేర్లు వెస్ట్ అయినా, గ్రాంట్ రోజు నుంచి వెస్ట్ అయ్యేదాకా అక్కడ పనిచేసిన రోజుల వాటాకి కాలిఫోర్నియా పన్ను కట్టాల్సిందే. ఆ వ్యవధి 4 ఏళ్లయి, అందులో 3 ఏళ్లు అక్కడే పనిచేసి ఉంటే, సుమారు ముప్పావు వంతు ఆదాయం అక్కడి లెక్కలోకి వస్తుంది. ఇది చాలామందికి తెలియదు. నోటీసు వచ్చాక వడ్డీతో సహా కట్టడం కంటే ముందే చూసుకోవడం నయం.

పేరోల్‌లో అడ్రస్ వెంటనే మార్పించుకోండి. డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం, పన్నుల ఫారం) రాగానే 15, 16, 17 బాక్సులు చూడండి, రాష్ట్రం, అక్కడి జీతం, అక్కడ కోసిన పన్ను వాటిలోనే ఉంటాయి. మారిన తర్వాతి జీతం కూడా కాలిఫోర్నియా కింద పడి ఉంటే కంపెనీని అడిగి సరిచేయించుకోవాలి.

ఎప్పుడు మారారో చూపించడానికి పాత లీజు ముగిసిన కాగితం, మూవర్స్ బిల్లు దాచుకోండి. డ్రైవింగ్ లైసెన్స్‌కి టెక్సస్ 90 రోజులు గడువిస్తుంది, అంతవరకూ లాగకండి. పిల్లల స్కూలు కోసం భార్యో భర్తో అక్కడే ఉండిపోయినవాళ్లు మాత్రం సీపీఏని (లైసెన్సున్న అకౌంటెంట్‌ని) అడగాల్సిందే, అది గ్రూపులో తేలే విషయం కాదు.

డౌట్లుంటే అడగండి. డబ్ల్యూ-2 ఫొటోలు మాత్రం దయచేసి ఇక్కడ పెట్టొద్దు, సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉంటుంది.