కోకో పటం ఖర్చు రైతు మీదేనా?

సంపాదకులకు,

ప్రపంచ కోకో గింజల్లో సగానికి పైగా పండించే ఐవరీ కోస్ట్, ఘనా దేశాల్లో దశాబ్దాలుగా అడవి నరికి తోటలు వేశారు. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టేసిన నేలలో పండిన గింజలను రానివ్వబోమంటూ ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టం, ప్రతి తోట అక్షాంశ రేఖాంశాలూ చూపమంటోంది. అమలు మాత్రం వాయిదాలు పడుతూ వచ్చింది.

నిబంధన మంచిదే. అయితే పలువురి గింజలు ఒకే రాశిలో కలిశాక ఏది ఎవరి తోటదో తేల్చేదెలా? కాయ పగలగొట్టి, జిగురు గుజ్జు వదలని గింజలను అరటాకుల్లో కప్పి ఐదారు రోజులు పులియబెట్టి, ఆపై ఎండబెట్టే చిన్న రైతుకు పటాల పని అదనపు చాకిరీ. ఆ ఖర్చును చాక్లెట్ కంపెనీలే భరించి, నీడచెట్లు నిలిపిన తోటల గింజలకు ధర పెంచి చెల్లించాలి.

– ఒక పాఠకుడు