పాత భవనాలను పత్రాలకు ఇవ్వవచ్చు

సంపాదకులకు నమస్కారం.

పాత రాజభవనాలను ఏం చేయాలన్న చర్చ వచ్చినప్పుడల్లా మన దగ్గర వినిపించేవి రెండే మాటలు: కూల్చి కొత్తది కట్టడం, లేదా హోటలుకు అప్పగించడం. పాత రాజ్యపత్రాలను భద్రపరిచే ఆర్కైవ్స్‌గా వాడటం అనే మూడో దారి ఒకటుందని స్పెయిన్‌లోని సిమాంకాస్ కోట సుమారు ఐదు శతాబ్దాలుగా చూపుతోంది.

వల్లడోలిడ్ నగరానికి చేరువలో ఉన్న ఈ 15వ శతాబ్దపు కోట కొంతకాలం రాజ్య ఖైదీల చెరసాలగా ఉంది. 1526లో ఒక బిషప్పుకే అక్కడ మరణశిక్ష అమలయింది. 1540లో ఐదవ చార్లెస్ చక్రవర్తి రాజ్యపత్రాలను ఆ కోట బురుజులో భద్రపరచమని ఆదేశించాడు. పత్రాలను బురుజుకు చేర్చడంతోనే పని ముగిసిందనుకోలేదు. ఆయన కుమారుడు రెండవ ఫిలిప్, ఎస్కోరియల్ అనే రాజప్రాసాదం, మఠం కలిసిన కట్టడం నిర్మాణంలో పేరు పొందిన వాస్తుశిల్పి హువాన్ దె ఎర్రేరా చేత కోట లోపలి భాగాన్ని పత్రాలకు అనువుగా మార్పించాడు. ఆర్కైవ్స్ నిర్వహణకు 1588లో ఒక నియమావళి కూడా జారీ చేశాడు. నెపోలియన్ కాలంలో ఫ్రెంచి సేనలు పెద్ద మొత్తంలో పత్రాలను పారిస్‌కు తరలించాయి, వాటిలో కొన్ని 1941లో గానీ తిరిగి రాలేదు. గోడలు ఎంత మందమైనా అధికారం తలచుకుంటే ఆగదు, అది వేరే సంగతి. 1844 నుంచి పరిశోధకులను లోనికి అనుమతిస్తున్న ఈ భాండాగారాన్ని 2017లో యునెస్కో, విలువైన చారిత్రక పత్రాలకు గుర్తింపునిచ్చే ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

హైదరాబాదులోని ఇర్రం మంజిల్ అనే పాత రాజభవనాన్ని కూల్చి శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టివేసింది. కూల్చకూడదని తేలింది కాబట్టి, దేనికి వాడాలన్నది మిగిలిన ప్రశ్న. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలం నాటి పారశీక పత్రాలున్నాయి. అటువంటి సంపదలో కొంత భాగాన్నైనా పదిమందీ చూసేలా, పరిశోధకులు కూర్చుని చదువుకునేలా ఈ భవనంలో ఉంచవచ్చునా అన్నది పరిశీలించదగిన ఆలోచన.

అయితే సిమాంకాస్ ఉన్న కాస్తీల్ పీఠభూమి పొడి గాలి మనకు లేదు. వానాకాలపు తేమ, చెదలు, పాత విద్యుత్ తీగల వల్ల రాగల అగ్నిప్రమాదం, వీటికి ముందుగా పరిష్కారం చూపకుండా ఒక్క కట్ట కాగితాన్ని కూడా కదిలించకూడదు. కాబట్టి వారసత్వ కట్టడాల నిపుణులు, పత్ర సంరక్షకులు కలిసి భవనాన్ని పరీక్షించి ఇచ్చే నివేదికను ప్రభుత్వం ప్రజల ముందుంచాలని, మరమ్మతులతో పాటు ఏటా నిర్వహణకయ్యే ఖర్చును కూడా అందులో చూపాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాదు