దిండి దగ్గర స్కూటర్ ఆపిన అన్నయ్యగారికి

పోయిన ఆదివారం సాయంత్రం చించినాడ వంతెన దాటి దిండిలో బానెట్ ఎత్తుకుని నిలబడ్డ కారు నాదేనండి. కంగారులో మీ పేరైనా అడగలేదు.

ఇంజిన్‌కి గాలి అందించే కొత్త ఎయిర్ ఇన్‌టేక్ పైపు నేనే బిగించుకున్నాను. పైపు బ్యాటరీ ట్రేకి తగులుతుంటే లాగి, నొక్కి, క్లాంపులు బిగించేసి అయిపోయిందనుకున్నా. పాలకొల్లు దాటేసరికి ఐడిలింగ్‌లో ఇంజిన్ ఊగిపోతోంది, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది.

"ఊరికే రేజ్ చెయ్యకండి" అంటూ వచ్చి, మీరు పైపు కిందకి చెయ్యి పోనిచ్చి తడిమారు. సిలికాన్ గొట్టం అడుగు అంచు లోపలికి మడత పడి ఉంది. పైనుంచి చూస్తే ఏ లోపమూ లేదు మరి! గాలిని కొలిచే సెన్సర్ దాటాక ఆ మడతలోంచి దూరిన గాలి లెక్కలోకి రాదని, అందుకే పెట్రోలు చాలక ఊగుతోందని చెప్పారు. క్లాంపులన్నీ వదులు చేసి, టీ బడ్డీలో సబ్బునీళ్ళు అడిగి గొట్టం అంచుకి రాసి, ముందు ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ వైపు ఎక్కించారు. పైపుని పట్టి ఉంచే బ్రాకెట్ బోల్టు ఆఖర్న. నేను చేసింది సరిగ్గా తలకిందులు, బోల్టుతోనే మొదలెట్టా.

ఫిల్టరు మరీ కిందికుందని, వానల్లో రోడ్డు మీద నీళ్ళు పీలిస్తే ఇంజిన్ పోద్దని కూడా హెచ్చరించారు. దాన్ని పైకి జరిపించానండి.

లైటు ఆరింది. డబ్బులివ్వబోతే "ఆయ్, ఇంతోటిదానికా" అనేసి కిక్కు కొట్టారు. మీ పది నంబరు స్పానర్ మాత్రం నా కార్లోనే ఉండిపోయింది. అదే టీ బడ్డీలో ఇచ్చాను, తీసుకోండి.