హిందోళానికి డిస్కో దరువు

మామా,

ఎట్లున్నావు? మొన్న ఈమధ్య ఏం వింటున్నావని అడిగితే, కాజీపేట స్టేషన్ గోలలో సగం చెప్పి ఫోన్ పెట్టేశాను. మిగతాది తీరిగ్గా రాస్తున్నా, చాయ్ పెట్టుకుని కూర్చో.

చరణ్‌జీత్ సింగ్ అని బొంబాయి వాద్యకారుడు. మన నాన్నల కాలంలో హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో బేస్ గిటారు వాయించాడు, ఆర్.డి. బర్మన్ దగ్గర కూడా. ఆయన పేరు మనకు తెలియకపోయినా వాయింపు మాత్రం వినే ఉంటాం. 1982లో హెచ్.ఎం.వి. రికార్డు కంపెనీకి ఒక ఎల్పీ చేసిచ్చాడు: 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. పది హిందుస్తానీ రాగాలు, వాటి కింద డిస్కో దరువు. తబలా లేదు, సితార్ లేదు. ఉన్నవి రోలండ్ అనే జపాన్ కంపెనీ చేసిన మూడు ఎలక్ట్రానిక్ యంత్రాలు: దరువుకు టీఆర్-808, బేస్‌కు టీబీ-303, రాగం పలికించడానికి జూపిటర్-8. అప్పట్లో సినిమాల నిండా డిస్కోనే కదా, కొంచెం వేరేగా చేద్దామనుకున్నాడట. ఎవరూ కొనలేదు. అది సినిమా పాటా కాదు, కచేరీ కూడా కాదు. కొట్టువాడు మాత్రం ఏ అరలో పెడతాడు?

ఆ 303 కథ నీకు నచ్చుతుంది. బేస్ వాయించే మనిషి లేనప్పుడు పనికొస్తుందని తయారు చేసిన పెట్టె అది. బేస్ గిటారు మీద బతికినవాడే దాన్ని కొనుక్కున్నాడు, చూడు! గిటారులా మోగమంటే అది ఎంతకీ మోగదు, గునుస్తుంది, మూలుగుతుంది. అందుకే కొనేవాళ్లు లేక 1984కల్లా కంపెనీ తయారీ ఆపేసింది. పాతసామాన్లలో చవగ్గా దొరికిన వాటితో చికాగో కుర్రాళ్లు ఆటలాడారు. 1987లో ఫ్యూచర్ అనే బృందం 'యాసిడ్ ట్రాక్స్' వేసింది. యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతం అక్కడి నుంచే ఊపందుకుంది.

ఇటు మన సింగ్ గారి రికార్డు 2002లో ఢిల్లీలో ఎడో బౌమన్ అనే డచ్ సేకరణదారుడి కంట పడింది. 2010లో ఆయనే మళ్లీ అచ్చువేశాడు. విన్నవాళ్లు నోరు తెరిచారు. ఇదంతా ఎవరో ఇప్పుడు చేసి పాత అట్ట తగిలించారని అనుమానపడ్డవాళ్లూ ఉన్నారు. డెబ్బై దాటాక ఆయన యూరప్ వెళ్లి వేదికల మీద వాయించాడు. 2015లో పోయాడు.

అప్పటి నుంచి అందరిదీ ఒకటే పాట: చికాగో కంటే అయిదేళ్ల ముందే యాసిడ్ హౌస్ మనవాడు కనిపెట్టాడని. నాకు ఆ గొప్ప రుచించదు మామా. చికాగోకూ దీనికీ చుట్టరికమే లేదు. మనవాడు ముందా, వాళ్లు ముందా అని లెక్క తీయడం మొదలుపెడితే రికార్డు వినడం మానేస్తాం. అసలు సంగతి వేరే ఉంది. మన రాగానికి గిటారు పాటల్లోలా కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, మారే పని లేదు. కింద షడ్జమం, అంటే 'స', నిలబడితే చాలు, పైన ఎంతసేపైనా తిరగొచ్చు. 303కి చేతనైంది కూడా సరిగ్గా అదే, పదహారు మెట్ల ముక్కను అలుపు లేకుండా తిప్పడం. పైగా ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే ఏర్పాటు అందులో ఉంది. మన పాటలో స్వరాన్ని ఊపి పలికించే గమకానికి దూరపు చుట్టం అనుకో.

మాల్కౌన్స్ విను, అంటే మన హిందోళం. రిషభం లేదు, పంచమం లేదు. కింద 303 బుడబుడమంటూ ఒక్కచోటే కుతకుతలాడుతుంటే, పైన జూపిటర్ గాంధారం మీద ఊగి మధ్యమానికి జారుతుంది. ఆ జారుడు దగ్గర నా మెడ మీద వెంట్రుకలు లేచాయి, ఒట్టు. భూపాలీ, అదే మన మోహనం, అంత పట్టలేదు. అయిదు స్వరాలూ వరసగా అప్పజెప్పినట్టుంది. లలిత్‌లో రెండు మధ్యమాలు పక్కపక్కనే పడుతుంటే ఆ దరువు మీద కొంచెం వింతగా, బాగానే ఉంది.

తీన్మార్‌కు అలవాటుపడ్డ మన కాళ్లకు ఆ దరువు మరీ తిన్నగా అనిపిస్తుంది. నాలుగు దెబ్బలూ ఒక్కలాగే పడతాయి, ఎక్కడా విరుపుండదు. డప్పు కొట్టేవాడు వింటే నవ్విపోతాడు. కానీ నిమజ్జనం రోజు హన్మకొండ చౌరస్తాలో డీజే బాక్సుల్లోంచి గుండెలదిరేలా మోగే చప్పుడుందే, అది కూడా ఈ 808 వంశమే.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకు, కింది బేస్ అసలు వినబడదు. మీ అన్న బరాత్‌లకు కిరాయికిచ్చే బాక్సులున్నాయి కదా, ముహూర్తాలు లేని రోజు చూసి వాటిలో పెట్టించు. మాల్కౌన్స్ మొదట, తర్వాత లలిత్. నచ్చకపోతే మొహమాటం లేకుండా రాయి. కానీ మీ అన్న ఏమన్నాడో కూడా రాయాలి.

నీ,
మామ